కాలేజీ మొదటి ఏడాదిలో కుదురుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు విద్యార్థులకు

ఇంటర్మీడియెట్ రెండేళ్లూ మీ రోజును మీరు నడపలేదు. ఎన్ని గంటలకు నిద్ర లేవాలో, స్టడీ అవర్‌లో ఏ పుస్తకం తీయాలో, ఆదివారం ఏ పరీక్ష రాయాలో అన్నీ వేరేవాళ్లే నిర్ణయించారు. ముఖ్యంగా రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో చదివినవారికి ఖాళీగా ఒక సాయంత్రం గడపడం ఎలా ఉంటుందో కూడా గుర్తుండదు. బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరిన మర్నాటి నుంచి ఆ ఏర్పాటంతా తొలగిపోతుంది. సాయంత్రం కాలేజీ వదిలాక మీరేం చదివారని అడిగేవారు ఉండరు. మొదటి సెమిస్టర్‌లో తప్పినవారిలో చాలామంది సబ్జెక్టు కష్టమై తప్పలేదు, చేతికొచ్చిన ఈ సమయాన్ని ఏం చేసుకోవాలో తెలియక తప్పారు. అందుకే ఈ ఏడాదిలో చేయవలసిన పనులను అవి ఎదురయ్యే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా బీటెక్ నుంచి తీసుకున్నా, వాటిలో చాలా భాగం డిగ్రీ విద్యార్థులకూ వర్తిస్తుంది.

చేరిన వెంటనే: కాగితాలు, పేరు, బ్యాంకు ఖాతా

ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీకి ఇచ్చే ముందు ప్రతిదాన్నీ స్కాన్ చేసి దాచుకోండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్ కనీసం మూడు జెరాక్స్ సెట్లు మీ దగ్గర ఉండాలి. ఇచ్చిన ప్రతి ఒరిజినల్‌కూ కాలేజీ నుంచి రసీదు తీసుకోండి.

తర్వాత పేరు సంగతి చూడండి. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండటం, లేదా ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉండటం మామూలే. ఇన్నేళ్లూ ఇబ్బంది పెట్టని ఈ తేడా, క్రెడిట్లు నమోదయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీసుకునేటప్పుడో, స్కాలర్‌షిప్ వివరాలు సరిచూసేటప్పుడో అడ్డు తగులుతుంది. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే ప్రామాణికంగా తీసుకుని, ఆధార్‌ను దానికి తగ్గట్టు మొదటి నెలలోనే సరిచేయించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైతే ప్రభుత్వ పోర్టల్ జ్ఞానభూమిలో మీ వివరాలు నమోదయ్యాయో లేదో కాలేజీ ఆఫీసులో స్వయంగా అడిగి తెలుసుకోండి. ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో బ్యాంకులో కనుక్కోండి. ‘అది నాన్న చూసుకుంటారులే’ అని వదిలేయవద్దు. నాన్నగారు ఊళ్లో ఉంటారు, ఆఫీసు ముందు ఉండేది మీరు.

మొదటి వారం: నిబంధనల పుస్తకం చదవండి

ప్రతి విశ్వవిద్యాలయానికీ, ప్రతి అటానమస్ కాలేజీకీ అకడమిక్ రెగ్యులేషన్స్ ఉంటాయి. మీ బ్యాచ్‌కు వర్తించే ప్రతిని డౌన్‌లోడ్ చేసుకుని ఒక గంట కూర్చుని చదవండి. సీనియర్లు నోటిమాటగా చెప్పేవి వాళ్ల బ్యాచ్ నిబంధనలు కావచ్చు, అవి మీకు వర్తించకపోవచ్చు. ఇందులో రెండు లెక్కలు మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి.

మొదటిది హాజరు. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో సెమిస్టర్ పరీక్ష రాయడానికి మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉన్నవారు అనారోగ్యం వంటి కారణాన్ని ధ్రువపత్రంతో చూపి, రుసుము కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, కోరవచ్చు. 65కు దిగువన ఉంటే డిటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా 75 శాతం హాజరు తప్పనిసరి. సెమిస్టర్‌లో 90 పనిదినాలు ఉన్నాయనుకుందాం. 75 శాతం అంటే 68 రోజులు, అంటే మీకు మిగిలేది 22 రోజులు. చూడటానికి చాలా అనిపిస్తుంది. అయితే మొదటి సెమిస్టర్ వర్షాకాలంలో మొదలవుతుంది. ఒక్కసారి డెంగీ జ్వరం వస్తే పది రోజులు పోతాయి. దసరాకు రెండు రోజులు ముందుగా వెళ్లి రెండు రోజులు ఆలస్యంగా వస్తే మరో నాలుగు, ఇంట్లో ఒక పెళ్లికి మూడు. ఇక మిగిలింది ఐదే. సినిమాకో క్రికెట్ మ్యాచ్‌కో బంక్ కొట్టాలనిపించినప్పుడు ఈ ఐదు రోజులను గుర్తు తెచ్చుకోండి. జ్వరం చెప్పి రాదు కనుక మొదటి రెండు నెలల్లో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకపోవడమే క్షేమం.

రెండోది మార్కుల లెక్క. ఇదే విశ్వవిద్యాలయం పరిధిలో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మిడ్ పరీక్షల వంటివాటి మార్కులు) 30, సెమిస్టర్ పరీక్ష 70. పాస్ కావడానికి సెమిస్టర్ పరీక్షలో 35 శాతం, రెండూ కలిపి 40 శాతం రావాలి. ఇంటర్నల్స్‌లో 24 తెచ్చుకున్న విద్యార్థికి చివరి పరీక్షలో 25 వస్తే సరిపోతుంది. ఇంటర్నల్స్‌లో 6 మాత్రమే ఉన్న విద్యార్థి అదే పేపరులో 34 తెచ్చుకోవాలి. పరీక్ష గదిలో ఆ తొమ్మిది మార్కుల తేడా ఎంత బరువుగా ఉంటుందో సప్లీ రాసినవారిని అడిగితే చెబుతారు. ఇటీవలి నిబంధనల్లో రెండు మిడ్ పరీక్షల్లో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. మొదటి మిడ్‌లో 10, రెండో మిడ్‌లో 25 వస్తే మీ లెక్క 22 అవుతుంది. కాబట్టి మొదటి మిడ్ పాడైందని సబ్జెక్టు మీద ఆశ వదులుకోనక్కరలేదు. అటానమస్ కాలేజీల్లోనూ, డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ, నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కాలేజీల్లోనూ ఈ అంకెలు వేరుగా ఉండవచ్చు. మీ అంకెలు ఏమిటో చూసి పుస్తకం అట్ట మీద రాసుకోండి.

రెండో వారం నుంచి: సాయంత్రానికి ఒక రూపం

అన్ని పనుల్లోకీ ఇదే ముఖ్యమైనది, ఇదే కష్టమైనది కూడా. ఇంటర్‌లోలాగా పద్నాలుగు గంటలు చదవాలని పట్టిక వేసుకుంటే అది మూడు రోజులు కూడా నిలవదు. అంత అవసరం కూడా లేదు. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట, రెండు గంటలు కూర్చుంటే చాలు. రాత్రి భోజనానికి ముందు ఆ రెండు గంటలూ పూర్తయ్యేలా చూసుకోండి. హాస్టల్లో భోజనం తర్వాత గదుల్లో కబుర్లు మొదలవుతాయి, ఆ సమయంలో పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

ఆ రెండు గంటల్లో మొదటి పని ఆ రోజు చెప్పిన పాఠాన్ని ఆ రోజే తిరగరాయడం. లెక్కల క్లాసులో బోర్డు మీద మ్యాట్రిక్స్ లెక్క ఒకటి చేశారనుకోండి. నోట్సు మూసి, తెల్ల కాగితం మీద అదే లెక్కను మొదటి నుంచి చేయండి. ఎక్కడ చేయి ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. మర్నాడు క్లాసు అయ్యాక ఆ గీత చూపించి, ‘సార్, ఇక్కడ ఈ రో ఆపరేషన్ ఎందుకు చేశారో అర్థం కాలేదు, ఎప్పుడు రమ్మంటారు?’ అని అడగండి. ‘ఈ చాప్టర్ ఏమీ అర్థం కాలేదు సార్’ అనే విద్యార్థికి ఏ అధ్యాపకుడూ స్టాఫ్ రూమ్‌లో నిలబెట్టి మొత్తం చెప్పలేరు. ఒక మెట్టు చూపించి అడిగిన విద్యార్థికి ఐదు నిమిషాల్లో చెప్పి పంపగలరు, పైగా ఆ విద్యార్థి పేరు గుర్తుపెట్టుకుంటారు.

రెండో పని ల్యాబ్ రికార్డు. ప్రయోగం చేసిన రోజునే అబ్జర్వేషన్ పుస్తకంలో రీడింగులు సరిచూసుకుని సంతకం పెట్టించుకోండి, వారం తిరిగేలోగా రికార్డులోకి ఎక్కించండి. సెమిస్టర్ చివర పదిహేను ప్రయోగాలను రెండు రాత్రుల్లో పక్కవాడి రికార్డు చూసి ఎక్కించేవారిని ఏటా చూస్తూనే ఉంటాం. వైవాలో గ్రాఫు వాలు దేన్ని సూచిస్తుందని అడిగితే వాళ్లకు నోట మాట రాదు.

ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌ను మాత్రం ఈ రెండు గంటల్లో కలపకండి. డ్రాఫ్టర్ బిగించి, షీటు అంటించి, ఒక ప్రొజెక్షన్ పూర్తి చేయడానికి ఎడతెగని సమయం కావాలి. ఆదివారం ఉదయం దానికి బాగుంటుంది. సీ ప్రోగ్రామింగ్ ఇంటర్‌లో ఎంపీసీ చదివిన మనవాళ్లలో చాలామందికి కొత్త. సీబీఎస్‌ఈలో కంప్యూటర్ చదివి వచ్చిన మిత్రుడు చకచకా రాస్తుంటే కంగారుపడకండి. ప్రోగ్రామ్‌ను ముందు కాగితం మీద రాసి, ఏ లైను దగ్గర ఏ వేరియబుల్ విలువ ఎంతో పక్కన వేసుకుంటూ పోతే, రెండు నెలల్లో ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. దీనికోసం అప్పు చేసి లాప్‌టాప్ కొననక్కరలేదు, మొదటి ఏడాదికి కాలేజీ ల్యాబ్ సరిపోతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారు

మీకు సబ్జెక్టు రాదని అనుకోకండి, వచ్చిన సబ్జెక్టుకు పేర్లు మారాయంతే. త్వరణం, అవకలనం, సమాకలనం, మాత్రిక మీకు తెలుసు. అవే యాక్సలరేషన్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, మ్యాట్రిక్స్ అయ్యాయి. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు రెండు మాధ్యమాల్లోనూ ఉన్నాయి. మీరు చదివిన తెలుగు పుస్తకం పక్కన అదే ఇంగ్లిషు పుస్తకాన్ని పెట్టుకుని, లెక్కలు, భౌతిక శాస్త్రంలోని ముఖ్యమైన అధ్యాయాల్లో పదాలకు ఎదురుగా పదాలు రాసుకోండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో ఇలాంటివి తక్కువ ధరకే దొరుకుతాయి.

క్లాసులో నోట్సు రాసేటప్పుడు అర్థాన్ని తెలుగులో రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. నిర్వచనాన్ని మాత్రం ఇంగ్లిషులోనే రాసి, బయటికి చదివి, చూడకుండా మళ్లీ రాయండి. పరీక్షలో రాయవలసింది ఇంగ్లిషు వాక్యమే. రోజుకు ఒక్క సమాధానాన్ని సొంత వాక్యాల్లో రాసి, ఇంగ్లిషు అధ్యాపకులకు వారానికొకసారి చూపించండి. కమ్యూనికేషన్ ల్యాబ్‌లో తప్పు మాట్లాడితే నవ్వుతారని వెనక వరుసలో కూర్చునేవారు మూడో ఏడాది దాకా అక్కడే ఉండిపోతారు. తప్పులు మాట్లాడటానికి మొదటి ఏడాది కన్నా మంచి సమయం మళ్లీ రాదు. క్లాసులో అందని పాఠాలకు ఎన్‌పీటెల్, స్వయం వేదికల్లోని వీడియోలు ఉచితంగా ఉన్నాయి. వేగం తగ్గించుకుని, ఆపి ఆపి చూడవచ్చు.

ఎక్కడ ఉండాలి, ఎలా వెళ్లిరావాలి

మొదటి ఏడాది కాలేజీ హాస్టల్లో చోటు దొరికితే అక్కడే ఉండటం మేలని నా అభిప్రాయం. వార్డెన్, ఔట్‌పాస్, వేళకు మూసే గేటు చిరాకు పుట్టించవచ్చు. అయితే రోజును సొంతంగా నడపడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి ఆ కట్టుబాటు కొంత ఆసరా అవుతుంది. బయటి హాస్టల్ చూసుకోక తప్పకపోతే, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనైనా, విజయవాడ మొగల్రాజపురం, పటమటల్లోనైనా, డబ్బు కట్టే ముందు రాత్రి ఎనిమిది గంటలకు ఒకసారి వెళ్లి చూడండి. పగలు చూపించే గది వేరు, అందరూ ఉన్నప్పుడు ఆ గది వేరు. నీళ్లు వచ్చే వేళలు, గదికి ఎంతమంది, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారు, ఈ మూడూ అడిగి కాగితం మీద రాయించుకోండి.

తెనాలి, మంగళగిరి, సత్తెనపల్లి, గుడివాడ వైపు నుంచి రోజూ వచ్చేవారు ఆర్టీసీ విద్యార్థి పాసుకో, రైలు సీజన్ టికెట్టుకో కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని మొదటి వారంలోనే దరఖాస్తు చేయండి. రానూపోనూ రెండు మూడు గంటలు ప్రయాణంలో పోయేవారు ఇంటికి చేరాక రెండు గంటలు చదవగలమని అనుకోవద్దు, అలసట చదవనివ్వదు. కాలేజీ వదిలాక ఒక గంట లైబ్రరీలో కూర్చుని ఆ రోజు పని అక్కడే ముగించి తర్వాత బస్సు ఎక్కండి. కాలేజీ బస్సు మీద ఆధారపడినవారికి ఆ వీలు ఉండదు కనుక మధ్యాహ్నం భోజన విరామంలో అరగంట, ఉదయం మరో అరగంట వాడుకోండి. సెలవు రోజుల్లో ప్రశాంతంగా కూర్చోవడానికి గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం ఉన్నాయి.

ఇంటి నుంచి బైకు అడగాలని ఉంటే లైసెన్సు వచ్చేదాకా ఆగండి. పదిహేడేళ్లకే కాలేజీలో చేరినవారు మీలో చాలామంది ఉంటారు. గేర్ల బండికి 18 నిండాలి. విజయవాడ, గుంటూరు మధ్య జాతీయ రహదారి మీద ముగ్గురు ఎక్కి, హెల్మెట్ లేకుండా పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కృష్ణా నది సంగతీ అంతే. ప్రకాశం బ్యారేజీ ఎగువనా దిగువనా, కాలువల్లోనూ నీళ్లు పైకి నిలకడగా కనిపించినా లోపల గుంతలు, సుడులు ఉంటాయి. ఆదివారం సరదాగా దిగిన పిల్లలు తిరిగి రాని ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో ఉన్నాయి. ఈత వచ్చినా దిగకండి, దిగబోయే మిత్రుణ్ని చేయి పట్టుకుని ఆపండి.

డబ్బు

నెల మొదట్లో వచ్చినదాంట్లో మెస్సు, ప్రయాణం, జెరాక్సులకు వేరుగా తీసి, మిగిలినదాన్ని నాలుగు వారాలకు పంచుకోండి. లోన్ యాప్‌లు, బెట్టింగ్ యాప్‌ల జోలికి పోవద్దు. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఈ రోజే ఇంట్లో చెప్పండి. తిట్లు ఒక పూట ఉంటాయి, వడ్డీ రోజురోజుకూ పెరుగుతుంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

సీనియర్లు, స్నేహితులు

మంచి సీనియర్ దొరకడం పెద్ద అండ. పాత ప్రశ్నపత్రాలు, డ్రాఫ్టర్, పుస్తకాలు ‘అన్నా’, ‘అక్కా’ అని మర్యాదగా అడిగితే ఇచ్చేవారే ఎక్కువమంది. పరిచయం పేరుతో పాటలు పాడించడం, రికార్డులు రాయించడం, రాత్రిళ్లు గదికి పిలవడం పరిచయం కాదు, ర్యాగింగ్. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ, తల్లిదండ్రులూ ఏటా ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ ఇవ్వాలి. ఇబ్బంది మొదలైన రోజే కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి చెప్పండి, అక్కడ పట్టించుకోకపోతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800 180 5522కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. నలుగురైదుగురు కలిసి వెళ్లి చెబితే మరీ మంచిది.

స్నేహితుల విషయంలో తొందరపడవద్దు. మొదటి వారంలో పక్కన కూర్చున్నవారితోనే నాలుగేళ్లూ తిరగాలని నియమం లేదు. కలిసి చదివేవారు ఒకరిద్దరు, కలిసి ఆడేవారు కొందరు, మనసు విప్పి మాట్లాడగలిగేవారు ఒక్కరు ఉంటే చాలు. గంజాయి, మద్యం ‘ఒక్కసారి రుచి చూడు’ అంటూ స్నేహం పేరుతోనే వస్తాయి. ‘నాకు వద్దు’ అని ఒక్క మాట చెప్పి లేచి రండి, కారణాలు చెప్పడం మొదలుపెడితే వాదనలో ఓడిస్తారు.

దిగులు వేసినప్పుడు

మొదటి రెండు నెలలూ ఇంటి మీద బెంగ అందరికీ ఉంటుంది, బయటపడనివారికి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. ఐఐటీ అనుకుని ఇక్కడికి వచ్చినవారికి, కోరుకున్న బ్రాంచి రానివారికి దానితోపాటు ఓడిపోయామనే భావమూ వెంటాడుతుంది. ఇంటికి రోజూ ఒకే వేళకు, అంటే భోజనం తర్వాత పది నిమిషాలు ఫోన్ చేయండి. బెంగ వచ్చినప్పుడల్లా చేస్తే మీకూ అమ్మకూ ఇద్దరికీ నిద్ర ఉండదు. సాయంత్రం ఒక గంట మైదానంలో గడపండి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది మీ బలహీనత అనుకోకండి. వెంటనే ఇంట్లోవాళ్లకో, కాలేజీ కౌన్సెలర్‌కో చెప్పండి. మానసిక సమస్యల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. గదిలో ఉండే మిత్రుడు మాట తగ్గించి, మంచం దిగకపోతే ఆ ఫోన్ మీరు చేయండి, అతణ్ని ఒంటరిగా వదిలి వెళ్లకండి.

సెమిస్టర్ పరీక్షలు, ఆ తర్వాత

పరీక్షలకు మూడు వారాల ముందు ప్రతి సబ్జెక్టుకూ ఐదేళ్ల పాత ప్రశ్నపత్రాలు తీసుకుని, యూనిట్ల వారీగా ప్రశ్నలు విడదీయండి. ప్రతి యూనిట్ నుంచీ ప్రశ్న వచ్చే పేపర్లలో ఒక యూనిట్‌ను పూర్తిగా వదిలేయడం ప్రమాదం. వారానికి ఒక పేపరును మూడు గంటలు గడియారం పెట్టుకుని రాయండి. ఇంటర్‌లో చిన్న ప్రశ్నలకు అలవాటుపడిన చేతికి పెద్ద సమాధానాలు రాసే వేగం ఇలాగే వస్తుంది. ఆల్ ఇన్ వన్ గైడ్లను చివరి పునశ్చరణకు వాడుకోండి, మొదటిసారి చదివే పుస్తకంగా మాత్రం వద్దు.

ఫలితాల్లో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పితే, అదే వారంలో మూడు పనులు చేయండి. రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ గడువు చూడండి. బాగా రాశానన్న నమ్మకం ఉన్న పేపరుకే డబ్బు కట్టండి. సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే రీవాల్యుయేషన్ ఫలితం ఆ తేదీలోగా వస్తుందని భరోసా లేదు. మూడోది, ఆ సబ్జెక్టుకు వారంలో రెండు సాయంత్రాలు కేటాయించి, మిగిలిన రోజులు రెండో సెమిస్టర్ పాఠాలకే ఉంచండి. తప్పిన సబ్జెక్టు కోసం నడుస్తున్న తరగతులు మానేసేవారికి రెండో సెమిస్టర్‌లో మరో రెండు బ్యాక్‌లాగ్‌లు జతపడతాయి. తప్పిన విషయం ఇంట్లో మీ నోటితోనే చెప్పండి, ఏ తేదీన మళ్లీ రాస్తున్నారో, దానికి ఎలా చదువుతున్నారో కూడా అదే మాటలో చెప్పండి.